ఇంటర్ పిల్లల లెక్కల వెబ్‌సైట్‌కు ఏ లాంగ్వేజ్ మంచిది? పైథానా, జావాస్క్రిప్టా, జూలియానా?

మేడం, నమస్తే. మీ ప్రశ్న నాకు ఇట్లా అర్థమైంది. మీరు జమ్మికుంట వైపు ఒక జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తున్నారు. పిల్లలు ఇంటికి పోయాక ఫోన్‌లో ప్రాక్టీసు చేసుకునేటట్టు ఒక వెబ్‌సైట్ చేయాలనుకుంటున్నారు. లెక్క కనపడాలి, పిల్లలు జవాబు టైప్ చేయాలి, తప్పో ఒప్పో అక్కడికక్కడే తెలియాలి, పరావలయం లాంటివి వచ్చినప్పుడు గ్రాఫ్ రావాలి. మీకు పైథాన్ కొంత వచ్చు. ల్యాబ్‌లో ఎనిమిది పాత కంప్యూటర్లున్నాయి. అంతా పైథాన్‌లోనే అయిపోతుందా, జావాస్క్రిప్ట్ తప్పదా, ఎవరో చెప్పిన జూలియా మేలా, జావా, సీ ప్లస్ ప్లస్ సంగతేమిటి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పిల్లల కంటికి కనపడేదంతా జావాస్క్రిప్ట్‌లో చేయండి. జవాబు దిద్దే పని పైథాన్‌లోని సింపైకి (బీజగణితం చేసే, ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట, దీన్నే లైబ్రరీ అంటారు) అప్పజెప్పండి. జూలియా, జావా, సీ ప్లస్ ప్లస్, రస్ట్ మీ పనికి ఇప్పుడు అక్కర్లేదు. ఇంకా ముందు మాట ఒకటుంది: సొంతంగా కోడ్ మొదలుపెట్టే ముందు లెక్కల జవాబులు దిద్దే స్టాక్, నంబాస్ అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లను ఒక నెల వాడి చూడండి. మీకు కావాల్సినదాంట్లో చాలా భాగం అందులోనే దొరుకుతుంది.

నేను హనుమకొండలో ఉంటాను. 2009 నుంచి నాది ఇదే పని. మొదట ఒక డిగ్రీ కాలేజీకి, తర్వాత ఒక కోచింగ్ సెంటర్‌కు, ఇప్పుడు మూడు కాలేజీలకు ప్రాక్టీసు సైట్లు నడుపుతున్నాను. మీరడిగిన లాంగ్వేజ్‌లలో ఎక్కువ భాగం నేను వాడి చూసినవే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఏ లాంగ్వేజ్ లెక్కలకు గొప్పది అన్న దగ్గర మొదలుపెడితే దారి తప్పుతాం. ఎందుకంటే ఈ రంగంలో పేరున్నవన్నీ తలా ఒక లాంగ్వేజ్‌లో ఉన్నాయి. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 1990లలో చేసిన వెబ్‌వర్క్ అనే ప్రాక్టీసు సాఫ్ట్‌వేర్ పెర్ల్ లాంగ్వేజ్‌లో రాసింది. ఇంగ్లండ్‌లో క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టిన స్టాక్ మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ లోపల పీహెచ్‌పీ లాంగ్వేజ్‌లో నడుస్తుంది. దాని వెనక లెక్క చేసే మ్యాక్సిమా (Maxima) లిస్ప్ లాంగ్వేజ్‌లో ఉంటుంది, దాని వేర్లు 1968లో ఎంఐటీలో మొదలైన మ్యాక్సీమా (Macsyma)లో ఉన్నాయి. న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్ల నంబాస్ పూర్తిగా జావాస్క్రిప్ట్. గ్రాఫ్‌లు, రేఖాగణితం బొమ్మలు గీసే జియోజీబ్రాను మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో జావాలో మొదలుపెట్టారు. విలియం స్టైన్ 2005లో తెచ్చిన సేజ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పైథాన్ మీద నిలబడింది. ఇన్ని లాంగ్వేజ్‌లలో ఇన్ని మంచి పనులు జరిగాయంటే, లాంగ్వేజ్ చూసి అవి మంచివి కాలేదన్నమాట. పిల్లవాడి జవాబును ఎంత జాగ్రత్తగా చదువుతున్నాయి, లెక్క ఎక్కడ చేస్తున్నాయి అనే రెండిటి వల్ల మంచివయ్యాయి.

కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది: లెక్క పిల్లవాడి ఫోన్‌లో జరగాలా, మన సర్వర్‌లో జరగాలా? ఇది తేలితే లాంగ్వేజ్ దానంతటదే తేలిపోతుంది.

ఫోన్‌లో జరిగేదానికి మనకు ఎంచుకునే అవకాశం పెద్దగా లేదు. బ్రౌజర్‌కు సొంతంగా అర్థమయ్యే లాంగ్వేజ్ జావాస్క్రిప్ట్ ఒక్కటే. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో చేసిన లాంగ్వేజ్ అది. 2017 నుంచి వెబ్ అసెంబ్లీ కూడా పెద్ద బ్రౌజర్లన్నిట్లో వచ్చింది గనుక వేరే లాంగ్వేజ్‌ల కోడ్‌ను అందులోకి మార్చి నడపొచ్చు. కానీ బటన్ నొక్కడం, పెట్టెలో రాయడం, గ్రాఫ్‌ను వేలితో జరపడం లాంటివన్నీ చివరికి జావాస్క్రిప్ట్ చేతికే వస్తాయి. అది తప్పదు.

నేను దీన్ని నష్టపోయి నేర్చుకున్నాను. మొదట్లో ఆ డిగ్రీ కాలేజీకి శాంకవాల పాఠం మొత్తం జావా యాప్లెట్లుగా (వెబ్ పేజీ లోపల నడిచే చిన్న జావా ప్రోగ్రాములుగా) చేశాను. నాభిని పట్టుకుని లాగితే దీర్ఘవృత్తం సాగేది, నియతరేఖ కదిలేది. దాదాపు ఏడాది పని. 2015 తర్వాత బ్రౌజర్లు ఒక్కొక్కటే యాప్లెట్లకు తలుపు మూసేశాయి. ఒకరోజు పొద్దున లెక్చరర్ ఫోన్ చేసి, "ఏం కనపడ్తలేదు, తెల్లగా వస్తుంది" అన్నారు. ఆ పని మళ్లీ వెలుగు చూడలేదు. జియోజీబ్రాకూ అదే ఇబ్బంది ఎదురైంది. వాళ్లు తమ జావా కోడ్‌ను జావాస్క్రిప్ట్‌గా మార్చే పనిముట్టుతో బయటపడ్డారు. అంత పెద్ద బృందం మనకు లేదు. అందుకే స్క్రీన్ మీది పనికి బ్రౌజర్ సొంత లాంగ్వేజ్‌నే నమ్ముకోమంటున్నాను.

ఇప్పుడు జావాస్క్రిప్ట్‌లో లెక్కల మాస్టర్లు పడే గుంతలు చెప్తాను. చిన్నవే గానీ పిల్లల ముందు పరువు తీస్తాయి.

మొదటిది, పెట్టెలో పిల్లవాడు రాసిన 5 మనకు అంకెగా రాదు, అక్షరంగా వస్తుంది. దానికి 3 కలిపితే 8 రాదు, 53 వస్తుంది. టైప్‌స్క్రిప్ట్ (ఏది అంకె, ఏది అక్షరం అని ముందే చెప్పి రాసే జావాస్క్రిప్ట్) వాడితే ఇలాంటివి రాసేటప్పుడే చాలావరకు దొరుకుతాయి. నేను ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా టైప్‌స్క్రిప్ట్‌తోనే మొదలుపెడతాను. మీరు మాత్రం మొదటి రెండు మూడు నెలలు మామూలు జావాస్క్రిప్ట్‌లోనే చేయి తిప్పుకోండి.

రెండోది, అంకెల పరిమితి. జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకెలన్నీ దశాంశ స్థానాలతో నిల్వ ఉండే రకం. పూర్ణాంకాలు 9007199254740991 దాకానే నమ్మకం. మీ 2ఎ లో (ఇంటర్ రెండో ఏడు లెక్కల పేపర్లు 2ఎ, 2బి) ప్రస్తారాలు, సంయోగాలు ఉన్నాయి కదా, 25 ఫ్యాక్టోరియల్ అడగండి. పైథాన్ 15511210043330985984000000 అని చివరి సున్నా దాకా ఇస్తుంది. జావాస్క్రిప్ట్ 1.5511210043330986 ఇంటూ 10 టు ది పవర్ 25 అన్నట్టు చూపించి ఊరుకుంటుంది. 2020లో బిగ్‌ఇంట్ అనే రకం వచ్చింది, దానితో పెద్ద అంకెలు సరిగ్గానే వస్తాయి. కానీ అందులో 7 ను 2 తో భాగిస్తే 3 వస్తుంది, మిగతాది కత్తిరించేస్తుంది.

దీన్ని ఆనుకునే ఇంకో గుంత ఉంది, నేను రెండు రోజులు వెతికింది. వెనక పైథాన్ సరైన జవాబే లెక్కించి పంపింది. ముందు జావాస్క్రిప్ట్ దాన్ని చదివేటప్పుడే చివరి అంకె మారిపోయింది. 9007199254740993 పంపితే 9007199254740992 అని చదువుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. పెద్ద అంకెలను, భిన్నాలను సర్వర్ నుంచి ఫోన్‌కు ఎప్పుడూ అక్షరాలుగానే పంపండి, అంకెగా పంపొద్దు.

మూడోది, టోపీ గుర్తు. పిల్లలు ఎక్స్ స్క్వేర్ అనడానికి ^ వాడతారు. జావాస్క్రిప్ట్‌లో, పైథాన్‌లో కూడా, దాని అర్థం ఘాతం కాదు, బిట్లకు సంబంధించిన వేరే పని. 2^3 అంటే 8 రావాల్సింది పోయి 1 వస్తుంది. సింపై మాత్రం మన రాతను చదివేటప్పుడు దాన్ని ఘాతంగా మార్చుకునే ఏర్పాటు ఉంచింది.

నిజానికి ఫోన్‌లో ఆ టోపీ గుర్తు వెతకడమే పిల్లలకు పెద్ద పని. కీబోర్డులో రెండో మూడో పేజీలో ఉంటుంది. దొరక్క ఎక్స్ పక్కన 2 రాసి వదిలేస్తారు. అది ఎక్స్ స్క్వేరా, రెండు ఎక్స్‌లా? మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. "సైన్ 2ఎక్స్" అని బ్రాకెట్లు లేకుండా రాస్తారు. "1/2ఎక్స్" అని రాస్తారు, సగం ఎక్సా లేక 2ఎక్స్ కింద ఒకటా అని మీరే నోటుపుస్తకంలో పిల్లవాణ్ని అడిగి తెలుసుకుంటారు. అందుకే వట్టి పెట్టె ఇవ్వకండి. మ్యాథ్‌లైవ్ అని జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది, ఉచితం. పెట్టెను తాకగానే భిన్నం, ఘాతం, వర్గమూలం మీటలతో లెక్కల కీబోర్డు పైకి వస్తుంది. పిల్లవాడు రాసింది పుస్తకంలో ఉన్నట్టే కనపడుతుంది, తప్పు రాస్తే వాడికే తెలిసిపోతుంది. నా సైట్లలో దీన్ని పెట్టాక "సార్, కరెక్టే రాసిన, తప్పంటుంది" అనే ఫోన్లు బాగా తగ్గాయి.

సూత్రాలు అందంగా చూపించడానికి కేటెక్స్ చాలు. ఖాన్ అకాడమీ వాళ్లు 2014లో విడుదల చేశారు, తేలిగ్గా ఉంటుంది, పాత ఫోన్‌లో కూడా చకచకా వస్తుంది. మ్యాథ్‌జాక్స్ దానికంటే బరువు, కానీ ఎక్కువ చేస్తుంది. చూపులేని పిల్లలకు చదివి వినిపించే ఏర్పాటు అందులో బాగుంటుంది. మీ దగ్గర తెలుగు మీడియం పిల్లలున్నారు కాబట్టి ఒక మాట: తెలుగు మాటలను సూత్రం లోపల పెట్టకండి. భిన్నం పైన "లోపలి వ్యాసార్ధం" అని పెట్టి చూశాను, వత్తులు కింది గీతకు తగిలి చదవరాకుండా అయింది. వాక్యం బయట మామూలు తెలుగులో, గుర్తులు మాత్రం సూత్రంలో ఉంచండి.

గ్రాఫ్‌లకు జర్మనీలో బైరాయిట్ యూనివర్సిటీ వాళ్ల జేఎస్ఎక్స్‌గ్రాఫ్ వాడండి. లేదా జియోజీబ్రాను పేజీలో అతికించండి. సొంతంగా గీయాలని చూడకండి. చుక్కలు లెక్కించి గీతతో కలపడమే కదా అనిపిస్తుంది. టాన్ ఎక్స్ గీసి చూడండి. పై బై 2 దగ్గర పైనుంచి కిందికి నిలువు గీత ఒకటి వస్తుంది. అది ప్రమేయంలో భాగమని పిల్లలు నోట్సులో దించుకుంటారు.

ఇక దిద్దే సంగతి. ఇదే అన్నిటికంటే కష్టమైంది, పైథాన్ ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తుంది.

2016లో కోచింగ్ సెంటర్ కోసం చేసిన సైట్‌లో 2బి సమాకలనుల లెక్కలు పెట్టాను. సైన్ ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్ సమాకలని కనుక్కోండి అన్నది ఒకటి. నేను పెట్టిన జవాబు సైన్ స్క్వేర్ ఎక్స్ బై 2. పరకాల నుంచి వచ్చే ఒక అమ్మాయి మొదట సైన్ 2ఎక్స్‌గా మార్చుకుని, మైనస్ కాస్ 2ఎక్స్ బై 4 అని రాసింది. అది నూటికి నూరు శాతం సరైనది. నా జవాబుకూ ఆమె జవాబుకూ మధ్య తేడా మైనస్ ఒకటి బై నాలుగు మాత్రమే, అది స్థిరరాశిలో కలిసిపోతుంది. నా ప్రోగ్రామ్ రెండిటినీ తీసివేసి సున్నా రాలేదని "తప్పు" అంది. లాగ్‌లో చూస్తే ఆమె అదే జవాబు మూడుసార్లు కొట్టింది. నాలుగోసారి పద్ధతి మార్చి సైన్ స్క్వేర్ రాసింది, "ఒప్పు" వచ్చింది. మర్నాడు వాళ్ల సార్‌ను, "సైన్ 2ఎక్స్ పెట్టి చేయొద్దా సార్?" అని అడిగిందట. మంచి పద్ధతిని నా ప్రోగ్రామ్ ఆ పిల్ల చేత మాన్పించింది. సార్ తప్పన్నా పిల్లలు ఎదురు అడుగుతారు గానీ కంప్యూటర్ తప్పంటే తలొంచుకుని నమ్మేస్తారు. ఆ రోజు నుంచి నేను దిద్దే కోడ్‌కు పెట్టే సమయం మిగతా అన్నిటికంటే ఎక్కువ.

సమాకలనం జవాబును ఎట్లా దిద్దాలంటే, పిల్లలు రాసినదాన్ని అవకలనం చేసి ప్రశ్నతో పోల్చాలి. ఈ పనికి బీజగణితం తెలిసిన లైబ్రరీ కావాలి. జావాస్క్రిప్ట్‌లో మ్యాథ్‌జేఎస్ లాంటివి ఉన్నాయి, మామూలు అవకలనం చేస్తాయి. కానీ త్రికోణమితి సర్వసమీకరణాలు, పాక్షిక భిన్నాలు, అవధులు, సమాకలనాలు కలిపి చూస్తే సింపై అంత లోతు అక్కడ లేదు. పైథాన్ ఎంచుకోమనడానికి కారణం ఆ లాంగ్వేజ్ అందం కాదు, ఈ లైబ్రరీ. పైగా అది మొత్తం పైథాన్‌లోనే రాసింది కాబట్టి ఎక్కడైనా తేడా వస్తే మీరే లోపలికి పోయి చదువుకోవచ్చు.

అయినా సింపైని గుడ్డిగా నమ్మొద్దు. రెండు వ్యక్తీకరణలు సమానమా కాదా అని అన్ని సందర్భాల్లో తేల్చే పద్ధతి ఉండదని 1968లోనే రిచర్డ్‌సన్ నిరూపించారు. సైన్, ఘాతాంక ప్రమేయాలు, మాడ్యులస్ లాంటివి కలిస్తే చాలు, సాధారణంగా తేల్చలేం. అంటే ఏ లాంగ్వేజ్ తెచ్చినా, ఎంత డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయినా, ఇక్కడ పరిమితి ఉంటుంది. ఇంటర్ స్థాయిలో నేను చేసేది ఇది: ముందు సింపైతో తేడాను సూక్ష్మీకరించి సున్నా వస్తుందేమో చూస్తాను. రాకపోతే ఎక్స్‌కు ఏడెనిమిది యాదృచ్ఛిక విలువలిచ్చి రెండు వైపులా లెక్కించి పోలుస్తాను. నంబాస్ కూడా ప్రధానంగా ఈ విలువలిచ్చి చూసే పద్ధతి మీదే నడుస్తుంది, బాగా నడుస్తుంది. విలువలు ఎంచుకునేటప్పుడు ప్రదేశం చూసుకోవాలి. లాగ్ ఉంటే రుణ సంఖ్యలు ఇవ్వొద్దు, సైన్ ఇన్వర్స్ ఉంటే ఒకటి దాటొద్దు.

సింపైలో చలరాశి వాస్తవ సంఖ్య అని ముందే చెప్పండి. చెప్పకపోతే అది సంకీర్ణ సంఖ్య కూడా కావచ్చనుకుంటుంది. అప్పుడు మీ పుస్తకంలోని లాగ్ మాడ్యులస్ ఎక్స్‌ను అవకలనం చేయమంటే ఒకటి బై ఎక్స్ రాదు, పెద్ద చాంతాడంత వస్తుంది. తన సొంత జవాబులో అది మాడ్యులస్ పెట్టదు కూడా, వట్టి లాగ్ ఎక్స్ అంటుంది. దాన్ని అలాగే పిల్లలకు "సరైన జవాబు" అని చూపిస్తే మీరు క్లాసులో చెప్పినదానికి విరుద్ధంగా ఉంటుంది. చూపించే జవాబు మీ చేత్తో రాసి పెట్టుకోండి, దిద్దడానికి మాత్రం సింపైని వాడండి.

సమానమైతే చాలదు, రూపం కూడా చూడాలి. "కారణాంకాలుగా విడగొట్టండి" అని ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ ప్లస్ 6 ఇస్తే, ఒకడు ప్రశ్ననే మళ్లీ జవాబుగా కొట్టాడు. ప్రోగ్రామ్ సమానమే అని మార్కు వేసింది. గంటలో ఆ సంగతి క్లాసంతా పాకింది. పాక్షిక భిన్నాల్లోనూ ఇదే తంటా. స్టాక్‌ను చూడమన్నది ఇందుకే. కారణాంక రూపంలో ఉందా, పాక్షిక భిన్నాలుగా విడిపోయిందా, సమాకలని జవాబులో స్థిరరాశి రాశాడా అని విడివిడిగా చూసే పరీక్షలు అందులో ముందే ఉన్నాయి. స్థిరరాశి మర్చిపోతే "తప్పు" అనకుండా, "సి రాయడం మర్చిపోయావు" అని చెప్పించొచ్చు. ఏళ్ల తరబడి క్లాసుల్లో వాడి రాటుదేలిన పని అది.

ఇక భద్రత. సింపై అక్షరాలను లెక్కగా మార్చేటప్పుడు లోపల పైథాన్ కోడ్‌గానే నడుపుతుంది. ఆ పెట్టెలో ఎవరైనా లెక్క బదులు ఫైళ్లు తుడిచేసే ఆదేశం రాస్తే అదీ నడవొచ్చు. కొత్తవాళ్లు సూటిగా పెట్టెలోదాన్ని సింపైకి ఇచ్చేస్తారు, దయచేసి అట్లా చేయకండి. అంకెలు, మీరు అనుమతించిన గుర్తులు, సైన్, కాస్, లాగ్ లాంటి పది పదిహేను పేర్లు తప్ప ఇంకేమున్నా వెనక్కి పంపేయండి. రెండోది, కాలపరిమితి. ఒకసారి పరీక్షల ముందు సాయంత్రం ఏడున్నరకు నా సర్వర్ బిగుసుకుపోయింది. రెండు వందల మందికి పైగా పిల్లలు ఎదురుచూస్తున్నారు. చూస్తే ఒక పిల్లవాడు ఆటకు 9^9^9 కొట్టాడు. ఆ సంఖ్యలో 36,96,93,100 అంకెలుంటాయి. పైథాన్ మారుమాట లేకుండా దాన్ని లెక్కించడానికి కూర్చుంది. పిల్లవాణ్ని ఏమీ అనలేదు, అది నా తప్పు. ఇప్పుడు ప్రతి జవాబును విడి ప్రాసెస్‌లో దిద్దిస్తాను, మూడు సెకన్లు దాటితే ఆపేస్తాను, మెమరీకి కూడా హద్దు పెట్టాను. ఆపేసినప్పుడు "తప్పు" అని రాకూడదు, "దీన్ని నేను దిద్దలేకపోయాను, సార్‌కు పంపాను" అని రావాలి. ఇది చాలా ముఖ్యం.

అంతా పైథాన్‌లోనే అవుతుందా అన్నారు. అయ్యే దారులు రెండున్నాయి. స్ట్రీమ్‌లిట్ లాంటివి ఒకటి. జావాస్క్రిప్ట్ ముట్టుకోకుండా ఒక సాయంత్రంలో పేజీ లేచి నిలబడుతుంది. ప్రిన్సిపాల్ గారికి, స్టాఫ్‌రూమ్‌లో తోటివాళ్లకు చూపించడానికి బ్రహ్మాండం. కానీ పిల్లవాడు ఏది కదిపినా ప్రోగ్రామ్ మొత్తం సర్వర్‌లో మళ్లీ నడుస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కో కనెక్షన్ తెరిచే ఉండాలి. సిగ్నల్ వచ్చీ పోయే ఊళ్ల నుంచి వందల మంది ఒకేసారి వస్తే అది తట్టుకోదు.

రెండోది పైయొడైడ్. 2018లో మొజిల్లాలో మొదలైంది. పైథాన్‌నే వెబ్ అసెంబ్లీగా మార్చి బ్రౌజర్‌లో నడుపుతుంది, సింపై కూడా అందులో నడుస్తుంది. సర్వర్ లేదు, 9^9^9 కొట్టినా వాడి ఫోనే ఆగుతుంది. ఆలోచన నాకు చాలా ఇష్టం. ఇబ్బంది ఏమిటంటే మొదటిసారి ఎంబీల కొద్దీ దిగాలి, తక్కువ మెమరీ ఫోన్లలో పేజీ తెరుచుకునేసరికి పిల్లవాడు మూసేస్తాడు. మీ ల్యాబ్‌కు మాత్రం ఇది చక్కగా సరిపోవచ్చు. ఫైళ్లన్నీ ఒక కంప్యూటర్‌లో పెట్టి మిగతా ఏడు దాని నుంచే తెరిచేటట్టు చేస్తే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ముందు ఆ కంప్యూటర్లలో ఏముందో చూడండి. విండోస్ 7 అయితే దానికి వచ్చిన ఆఖరి క్రోమ్ 109, పైయొడైడ్ కొత్త వెర్షన్లు అందులో తెరుచుకోకపోవచ్చు. ఎనిమిదింటిలోనూ ఒక ఖాళీ పేజీతో పరీక్షించాకే ఆ దారిలో పొండి.

జూలియా గురించి. 2012లో బయటికి వచ్చింది, 2018లో 1.0 అయింది. మంచి లాంగ్వేజ్. రాసేది లెక్కలు రాసినట్టే ఉంటుంది, వేగం సీ దగ్గరికి పోతుంది. ఎన్‌ఐటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక తమ్ముడికి ఉష్ణప్రసరణ సమీకరణాలను స్లైడర్లు జరిపి చూపించే పేజీ కావాల్సి వస్తే నేనే జూలియా, ప్లూటో నోట్‌బుక్ వాడమన్నాను. లక్షల చుక్కల మీద అవకలన సమీకరణాలు సాధించాలంటే సింపై చేయలేదు, జూలియా చేస్తుంది. మీ పని అది కాదు. మీకు వేగం కొరత లేదు, ఒక జవాబు దిద్దడానికి అర సెకను పట్టినా ఎవరూ ఏమీ అనరు. పైగా జూలియా మొదటిసారి నడిచేటప్పుడు కంపైల్ చేసుకుంటూ ఆగుతుంది, 2023లో వచ్చిన 1.9 నుంచి ఇది చాలా తగ్గింది గానీ పోలేదు. ఇబ్బంది వస్తే పక్కన అడగడానికి మన దగ్గర పైథాన్ వచ్చినవాళ్లు వీధికొకరున్నారు, జూలియా వచ్చినవాళ్లను వెతకాలి.

సీ ప్లస్ ప్లస్, రస్ట్ వాడేది లైబ్రరీలు తయారుచేసేవాళ్లు. జియోజీబ్రాలో బీజగణితం చేసే జియాక్ సీ ప్లస్ ప్లస్‌లో రాసి బ్రౌజర్‌కు మార్చిందే. మీరు దాని ఫలితం వాడుకుంటారు, అంతే.

మీరు ఏ వరుసలో పోవాలో నా మాటగా చెప్తాను. ముందు మీ దగ్గరున్న పాత జవాబు పత్రాల కట్ట ఒకటి తీయండి. 2బి లో ఒకే లెక్కకు పిల్లలు ఎన్ని రకాలుగా సరైన జవాబు రాశారో, ఎన్ని రకాలుగా తప్పు రాశారో నోటుపుస్తకంలో ఎక్కించండి. ఒక్కో లెక్కకు పది పదిహేను వస్తాయి. ఈ పని ఏ ప్రోగ్రామర్‌కూ చేతకాదు, ఏళ్లుగా పేపర్లు దిద్దిన మీకే చేతనవుతుంది. తర్వాత నంబాస్‌లో ఐదు లెక్కలు పెట్టండి, దానికి సర్వర్ కూడా అక్కర్లేదు. మీ జాబితాలోని జవాబులన్నీ అందులో కొట్టి చూడండి. అది సరిగా దిద్దితే మీ పని సగం అయినట్టే. దిద్దలేని చోట స్టాక్ చూడండి. రెండిట్లోనూ కుదరనిది, తెలుగులో సూచనలు ఇవ్వడమో, మీ పద్ధతిలో అంచెలంచెలుగా అడగడమో మిగిలితే, అప్పుడు మ్యాథ్‌లైవ్ పెట్టె ముందు, పైథాన్‌లో సర్వర్ నడిపే ఫ్లాస్క్, సింపై వెనక పెట్టి సొంతంగా మొదలుపెట్టండి. రోజుకో గంట పెడితే మూడు నాలుగు నెలల్లో ఒక అధ్యాయం నిలబడుతుంది. ఒక్క అధ్యాయమే చాలు, సమాకలనాలతో మాత్రం మొదలుపెట్టకండి. 2ఎ లోని వర్గ సమాసాలతో మొదలుపెట్టండి, జవాబులకు అన్ని వేషాలుండవు.

ఆ కట్టలోంచి ఒక ఇరవై జవాబులు, ఏది ఒప్పో ఏది తప్పో మీ గుర్తులతో సహా, పిల్లల పేర్లు లేకుండా ఇక్కడ రాయండి. నా దగ్గరున్న దిద్దే కోడ్‌లో నడిపి, ఎన్నిటి దగ్గర అది మీతో ఏకీభవించిందో, ఎక్కడ తడబడిందో ఈ ఆదివారం లోపల రాస్తాను.